వేలిముద్ర కూడా అమానతే

(తిరువూరులో జరిగిన సేవా కార్యకర్తల సమావేశంలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సమావేశాలలో మనము సాధారణంగా చేసిన పనుల పట్టిక చదువుతాము. రంజాన్‌లో ఎన్ని ఇళ్లకు రేషన్ సరుకులు చేర్చాము, ఎంతమంది రోగులను విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాము, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్ని అన్నం పొట్లాలు పంపాము అని చెప్పుకుంటాము. ఈ రోజు ఆ పట్టిక మేము తేలేదు. ఒక ప్రశ్న తెచ్చాము. మనము ఎవరి గడపలోకి సాయం పేరుతో అడుగు పెడుతున్నామో, వారు మన చేతిలో క్షేమంగా ఉన్నారా?

ఈ ప్రశ్న పుస్తకాలు చదివితే పుట్టినది కాదు. మా తప్పు నుండి పుట్టినది. గనుక ఆ తప్పునే మొదట మీ ముందు ఉంచుతాము. ఎవరి పేరూ చెప్పము. ఆ తల్లి గౌరవాన్ని దృష్టిలో ఉంచుకొని, ఆమెను గుర్తుపట్టగల వివరాలు వదిలివేస్తున్నాము.

ఒక ఖాలా ఉన్నారు. డెబ్బై దాటిన వయస్సు. చూపు మందగించింది. భర్త గతించారు, కొడుకు దూరదేశంలో ఉన్నాడు. ప్రతి నెలా ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటికి వచ్చి, వేలిముద్ర తీసుకొని, పింఛను 4,000 రూపాయలు ఆమె చేతిలో పెడతారు. ఆమెకు మందులు, సరుకులు తెచ్చిపెట్టే బాధ్యతను మా బృందంలోని ఒక యువకునికి అప్పగించాము. పిలిస్తే పలికేవాడు, నమాజులో మొదటి వరుసలో నిలిచేవాడు. ఖాలా పింఛను మొత్తం అతని చేతికే ఇచ్చేవారు. ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అన్న లెక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

కొన్ని నెలల తరువాత ఆమె మా బృందంలోని ఒక సోదరితో మెల్లగా అన్నారు: “బేటీ, మిగిలిన డబ్బు అడగడానికి నోరు రావడం లేదు. అడిగితే వాడికి కోపం వస్తుందేమో. వాడు రావడం మానేస్తే నాకు మందులు తెచ్చేదెవరు?” ఆ తరువాత ఇంకొక మాట చెప్పారు. ఇంటి పన్ను కాగితమని చెప్పి ఒక తెల్లకాగితం మీద తన వేలిముద్ర వేయించుకున్నాడట.

ఆ సోదరి ఈ సంగతి మా సమావేశంలో చెప్పినప్పుడు మేము ఏమన్నామో వినండి. “ఆ అబ్బాయి అలాంటివాడు కాదు” అన్నాము. “పెద్దావిడ, మరచిపోయి ఉంటుంది” అన్నాము. “ఇది బయటికి పొక్కితే రేపు మనకు చందా ఎవరిస్తారు?” అన్నాము. చివరకు, “అసలే మన సమాజాన్ని వేలెత్తి చూపడానికి కాచుకొని ఉన్నవారున్నారు, వారికి మనమే అవకాశం ఇవ్వాలా?” అన్నాము. అలా మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాలలో మరొక ఒకటో తారీఖు వచ్చి వెళ్లింది. ఆ నెల పింఛను కూడా అతని చేతికే పోయింది.

అప్పటికి గాని ఇద్దరు సోదరీమణులు ఆమె ఇంటికి వెళ్లలేదు. పక్కన మరెవరూ లేకుండా కూర్చొని ఆమె చెప్పినదంతా విన్నారు. ఆమె కోరినవి రెండే: తన డబ్బు, ఆ కాగితం. పోలీసుల దాకా వద్దన్నారు. అతడు కాగితం తిరిగి ఇచ్చాడు, డబ్బులో కొంత ఇచ్చాడు. అతన్ని బృందం నుండి తొలగించాము. అంతటితో సమస్య తీరిందనుకున్నాము. ఏదీ రాసి పెట్టలేదు. ఎవరికీ చెప్పలేదు. కొంతకాలానికి అతడు మరొక ఊరిలో, మరొక సంఘం సంచి భుజాన వేసుకొని వృద్ధుల ఇళ్లకు వెళ్తున్నాడని తెలిసింది. వారు మమ్మల్ని అడగలేదు. మేము వారికి చెప్పలేదు. తెలిసిన రాత్రే మాలో ఒక పెద్దాయన ఫోను చేసి వారిని హెచ్చరించారు. అప్పటికే అతడు అక్కడ ఎన్ని ఇళ్లలో అడుగు పెట్టాడో అల్లాహ్‌కే తెలుసు.

డబ్బు తీసుకున్న తప్పు అతనిది. మూడు వారాల మౌనం, ఆ తరువాతి మౌనం మావి. ఈ రోజు మేము మాట్లాడుతున్నది ఆ మౌనం గురించే.

ఎవరు నిస్సహాయులు?

పిల్లలకు రక్షణ కావాలంటే అందరూ ఒప్పుకుంటారు. పెద్దవారికి రక్షణ అంటే, “వారికేమి, మంచిచెడ్డలు తెలిసినవారే గదా” అంటాము. కాని వయస్సు వచ్చినంత మాత్రాన మనిషి అన్ని వేళలా తనను తాను కాపాడుకోలేడు. పక్షవాతంతో మంచాన పడిన కూలీ, మతిమరుపు మొదలైన వృద్ధుడు, మానసిక రోగి, వినపడని, మాటరాని యువతి, నిన్ననే భర్తను పోగొట్టుకొని ఇద్దతులో ఉన్న స్త్రీ, అప్పులవాడి భయంతో తలుపు తీయని కుటుంబ పెద్ద, వీరందరూ ఏదో ఒక వేళ ఇతరుల దయ మీద ఆధారపడవలసిన వారే. నిస్సహాయత మనిషి స్వభావం కాదు, అతడు చిక్కుకున్న పరిస్థితి.

మా ఖాలా విషయమే చూడండి. ఆమెకు మతి ఉంది, మాట ఉంది, లెక్క తెలుసు. ఆమెను నోరు విప్పలేని స్థితికి తెచ్చినది వృద్ధాప్యం ఒక్కటే కాదు. ఆమె మందులను, సరుకులను, ఆసుపత్రి ప్రయాణాన్ని, అన్నింటినీ ఒకే మనిషి చేతికి ముడివేసినది మేము. ఆ ముడి వేసిన తరువాత ఆమె అతన్ని ప్రశ్నించగలదని ఎలా ఆశించాము?

అలాగని నిస్సహాయ స్థితిలో ఉన్న పెద్దవారిని పసిపిల్లల కింద జమ కట్టడం కూడా అన్యాయమే. అంధులైన అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) ప్రస్తావన మీకు తెలియనిది కాదు. మక్కా ప్రముఖులతో సంభాషణ నడుస్తున్న వేళ ఆయన రావడం, ఆ సందర్భంలో ‘అబస’ సూరా అవతరించడం మనము తరచు వింటాము. అంతటితో ఆపివేస్తాము. ఆయన తరువాత మదీనాలో అజాన్ పలికిన వారిలో ఒకరయ్యారు. దైవప్రవక్త (స) ప్రయాణంలో ఉన్నప్పుడు మదీనా బాధ్యతలు అందుకున్న వారిలోనూ ఒకరయ్యారు. చూపు లేని మనిషిని జాలి చూపవలసిన వస్తువుగా కాక, మాట విలువ గల వ్యక్తిగా చూడడమంటే అదే.

హాని ఎన్ని రూపాలలో వస్తుంది?

హాని అనగానే దెబ్బలే గుర్తుకు వస్తాయి. సేవ మాటున జరిగే హాని చాలా వరకు చప్పుడు చేయదు. ఏటీఎం కార్డు, పిన్ నంబరు “సౌకర్యం కోసం” తన దగ్గరే ఉంచుకోవడం హాని. ఆధార్ అసలు కార్డు తీసుకొని నెలల తరబడి తిరిగి ఇవ్వకపోవడం హాని. ఒంటరి స్త్రీ ఇంటికి వేళ కాని వేళ వెళ్లడం, ఆమె ఫోనుకు అక్కరలేని సందేశాలు పంపడం, సాయానికి ప్రతిఫలం ఆశించడం ఘోరమైన హాని. “మేము పెట్టబట్టే తింటున్నావు” అనే మాట హాని. దానం చేసి ఎత్తిపొడిచేవాడి దానం వ్యర్థమని మనము ప్రతి రంజాన్‌లోనూ వింటున్నదే.

ఫొటోల సంగతి కూడా చెప్పాలి. బియ్యం సంచి అందుకుంటున్న తల్లి ముఖాన్ని పది వాట్సాప్ గ్రూపులలో పెడుతున్నాము. దాతకు లెక్క చూపాలంటే రసీదు చూపవచ్చు. ఆమె ముఖం మన రసీదు పుస్తకం కాదు. “ఆమె ఒప్పుకున్నది” అంటాము. ఎదుట బియ్యం సంచి పెట్టి అడిగితే ఎవరు కాదనగలరు?

అన్నింటికంటే భయంకరమైనది అందరికీ కనపడుతూ ఉండి కూడా ఎవరూ అడగని హాని. తమిళనాడులోని రామనాథపురం జిల్లాలో ఏర్వాడి దర్గా ఉంది. మానసిక రోగులకు అక్కడ స్వస్థత కలుగుతుందన్న నమ్మకంతో అన్ని మతాలవారూ తమవారిని తీసుకువచ్చేవారు. అలా వచ్చినవారిని ఉంచుకోవడానికి చుట్టుపక్కల ప్రైవేటు ఆశ్రమాలు వెలిశాయి. 2001 ఆగస్టు 6న అలాంటి ఒక ఆశ్రమంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది, పారిపోయే వీలు లేక, ప్రాణాలు కోల్పోయారు. ఆ గొలుసులు రహస్యమైనవి కావు. దారిన పోయేవారికి కనపడేవి. కన్నవారికి తెలుసు, ఊరికి తెలుసు. “వారి మేలు కోసమే” అన్న మాట అందరి నోళ్లూ మూసింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. మన పేటలలో ఏ ఇంటి వెనుక గదిలోనైనా అలాంటి గొలుసు ఉంటే, దాన్ని చూసి ప్రార్థన చేసి తిరిగి రావడం సేవ అనిపించుకోదు.

పరువు అనే భయం

మాలో కొందరు పెద్దలు నిజాయితీగా ఒక ప్రశ్న అడిగారు. “అల్పసంఖ్యాకులుగా మన మీద ఇప్పటికే ఇన్ని నిందలున్నాయి. మన ఇంటి మురికిని వీధిలో పోసుకోవడం వివేకమా?” ఈ భయం ఊరకే పుట్టినది కాదు. దాన్ని మేము తేలికగా తీసుకోము. మేమూ ఆ భయంతోనే మూడు వారాలు కూర్చున్నాము.

అయితే దాచడం వలన పరువు నిలిచిన దాఖలా ఉందా? ప్రపంచమంతటా పేరున్న ఆక్స్‌ఫామ్ సహాయ సంస్థ సంగతి చూడండి. 2010లో హైతీ దేశంలో భూకంపం వచ్చిన తరువాత, సాయానికి వెళ్లిన ఆ సంస్థ సిబ్బందిలో కొందరు లైంగిక దుష్ప్రవర్తనకు పాల్పడ్డారు. 2011లో సంస్థ లోలోపల విచారణ జరిపి కొందరిని తొలగించింది, కొందరిని రాజీనామా చేయనిచ్చింది. పూర్తి నిజం మాత్రం బయటపెట్టలేదు. అక్కడి బృందానికి అధిపతిగా ఉన్న వ్యక్తి తరువాత మరొక సహాయ సంస్థలో చేరి బంగ్లాదేశ్‌లో పనిచేశాడు. 2018 ఫిబ్రవరిలో ఈ సంగతి పత్రికలకెక్కినప్పుడు వేలమంది దాతలు ఆ సంస్థకు దూరమయ్యారు. జరిగిన తప్పు కంటే, దాచిన తప్పే దాని పేరును ఎక్కువగా గాయపరిచింది. మా చిన్న బృందం కథకూ, ఆ పెద్ద సంస్థ కథకూ ఎంత దగ్గరి పోలిక ఉన్నదో చూడండి.

ఇంకొక మాట. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చిన నాటి నుండి మనము ప్రభుత్వాలను అడుగుతున్నది ఏమిటి? మా వాటా లెక్క చెప్పండి, మా గొంతు వినండి, మా ఫిర్యాదును తొక్కిపెట్టకండి అని. సరిగ్గా ఆ మూడింటినే ఖాలా మమ్మల్ని అడిగారు. బయటివారి ముందు ఒక తూకం, ఇంట్లోని బలహీనుల ముందు మరొక తూకం వాడితే మన హక్కుల మాటకు బరువు ఉండదు.

రాసుకోవడం అపనమ్మకం కాదు

నియమాలు పెడదామనగానే, “మనలో మనకు కాగితాలెందుకు, నమ్మకం చాలదా?” అన్న మాట వస్తుంది. నమ్మకమే చాలునంటే, దివ్య ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయతు, అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు, అప్పు పత్రం ఎలా రాయాలో చెప్పడానికి అవతరించి ఉండేది కాదు. అందులో సాక్షుల మాట ఉన్నది. స్వయంగా చెప్పి రాయించలేని బలహీనుని తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా రాయించాలన్న ఆదేశమూ ఉన్నది. అనాథలకు వారి ఆస్తి తిరిగి అప్పగించే వేళ సాక్షులను పెట్టుకోవాలని అన్నిసా సూరా చెబుతున్నది. ఆ ఆదేశాలు దొంగల కోసం మాత్రమే వచ్చినవి కావు. విశ్వాసులను సంబోధించి వచ్చినవి.

లెక్క రాయడం బలహీనునికే కాదు, సేవకునికీ రక్షణ. రేపు ఒక నిజాయితీపరుని మీద లేనిపోని నింద పడితే అతన్ని కాపాడేది అతని మంచితనం గురించిన మన సాక్ష్యం కాదు, రాసి ఉంచిన లెక్క.

చట్టం మన ఊరిలోనే ఉన్నది

2022 ఏప్రిల్ 4న ఎన్‌టీఆర్ జిల్లా ఏర్పడినప్పుడు తిరువూరు రెవెన్యూ డివిజన్ కేంద్రమయింది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 కింద పనిచేసే ట్రిబ్యునల్‌కు డివిజన్ స్థాయి అధికారి అధ్యక్షత వహిస్తారు. 60 ఏళ్లు నిండినవారు పిల్లల నుండి పోషణ కోరుతూ దరఖాస్తు చేసుకోవచ్చు. స్వయంగా చేసుకోలేకపోతే వారు అధికారమిచ్చిన వ్యక్తి గాని, సంస్థ గాని చేయవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకొని ఆ తరువాత చూడకపోతే, 23వ సెక్షన్ కింద ఆ బదిలీని రద్దు చేయమని కోరవచ్చు. అందుకే ఇల్లు రాసిచ్చే పెద్దలు ఆ షరతును దస్తావేజులోనే రాయించుకోవడం మేలు.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 లోని 7వ సెక్షన్ ప్రకారం, దివ్యాంగుల పట్ల దౌర్జన్యం గాని, దోపిడీ గాని జరుగుతున్నదని నమ్మడానికి కారణమున్న ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వవచ్చు. పనిప్రదేశాలలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలకు కూడా వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థ అంతర్గత ఫిర్యాదుల కమిటీ పెట్టుకోవాలి. చిన్న సంస్థల విషయంలో ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి వెళ్తుంది. “మేము జీతగాళ్లము కాము” అన్న మాట చెల్లదు.

ఈ నంబర్లు మీ మస్జిదు నోటీసు బోర్డు మీద రాయండి: వృద్ధులకు 14567, మహిళలకు 181, అత్యవసరానికి 112, మానసిక ఆరోగ్యానికి 14416, ఉచిత న్యాయసహాయానికి 15100.

మేము పెట్టుకున్న నియమాలు

మొదటిది: ఒకరి ఇంటికి ఇద్దరు కలిసి వెళ్లాలి. స్త్రీల ఇంటికి వెళ్లే ఇద్దరిలో ఒకరు తప్పక స్త్రీ కావాలి. ఒకే కార్యకర్తకు ఒకే ఇంటిని ఏళ్ల తరబడి అప్పగించకూడదు.

రెండవది: కార్డు, పిన్, ఓటీపీ, అసలు పత్రాలు మన దగ్గర ఉంచుకోకూడదు. పైకి చదివి వినిపించని కాగితం మీద, సాక్షి లేకుండా, ఎవరి వేలిముద్రా తీసుకోకూడదు. ఎవరి నుండీ అప్పు గాని, కానుక గాని పుచ్చుకోకూడదు.

మూడవది: డబ్బు ముట్టుకోక తప్పకపోతే రెండు పుస్తకాలు ఉండాలి. ఒకటి వారి ఇంట్లో, ఒకటి మన దగ్గర. ఆ ఇంటితో సంబంధం లేని మూడో వ్యక్తి ప్రతి నెలా రెండూ సరిచూడాలి.

నాలుగవది: సాయం అందుకునేవారి ముఖం ఫొటోలో రాకూడదు.

ఐదవది: ఫిర్యాదు వినడానికి ఇద్దరి పేర్లు ముందే అందరికీ చెప్పాలి. వారిలో ఒకరు స్త్రీ కావాలి, అధ్యక్షుడు వారిలో ఉండకూడదు. ఫిర్యాదు అందిన రోజే, చెప్పినవారి మాటలలోనే, తేదీతో రాసి తాళం వేసి ఉంచాలి. ఆరోపణ వచ్చిన కార్యకర్తను నేరస్తుడని ప్రకటించనక్కరలేదు. అతని మాట కూడా వినాలి. కాని విషయం తేలేవరకు అతన్ని ఏ ఇంటికీ పంపకూడదు.

ఆరవది: బాధితులను ఒంటరిగా కలిసి, “మీరు ఏమి కోరుతున్నారు?” అని అడగాలి. వారి కోరికే మనకు దారి. అయితే ప్రాణాపాయం ఉన్నప్పుడు, ఇతరులకు కూడా హాని జరిగే అవకాశం ఉన్నప్పుడు, మనము ఊరుకోకూడదు. ఖాలా పోలీసులు వద్దన్నారు, ఆ మాటను మన్నించాము. కాని ఆమె పేరు చెప్పకుండానే పక్క ఊరి సంఘాన్ని హెచ్చరించి ఉండవలసింది. దౌర్జన్యం, లైంగిక నేరం విషయంలో మస్జిదు వరండాలో పంచాయితీ పెట్టి రాజీ కుదర్చడం మన పని కాదు. బాధితురాలి వెంట నిలిచి పోలీసుల దాకా తోడు వెళ్లడమే మన పని.

ఏడవది: కొత్తగా చేరేవారి గురించి వారు ముందు పనిచేసిన సంఘాన్ని అడగాలి. ఎవరైనా మనల్ని అడిగితే నిజం చెప్పాలి. మొదటి మూడు నెలలు అనుభవజ్ఞులతోనే పంపాలి.

ఎనిమిదవది: ఫిర్యాదు చేసిన ఇంటికి సాయం ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఈ మాటను సాయం మొదలుపెట్టిన రోజే వారికి చెప్పాలి. ఖాలా భయానికి మందు ఇదే. నోరు విప్పినా అన్నం ఆగదని తెలిసినప్పుడే మనిషి నోరు విప్పగలడు.

పెద్దలారా, సోదరులారా, సోదరీమణులారా! ఈ నియమాల వలన మాలో ఇద్దరు ముగ్గురు నొచ్చుకొని దూరమయ్యారు. మిగిలినవారి పని నిదానించింది. ఒకరు వెళ్లే చోటికి ఇద్దరు వెళ్లవలసి రావడంతో, ఈ ఏడాది తక్కువ ఇళ్లకు చేరుకోగలిగాము. అది నష్టమే. ఆ నష్టాన్ని తెలిసే భరిస్తున్నాము.

ఇప్పుడు ఖాలా ఇంట్లో గూటి మీద ఒక చిన్న నోటు పుస్తకం ఉన్నది. ఆమెకు చదువు రాదు. ప్రతి నెలా పక్కింటి అమ్మాయి ఆ లెక్కను పైకి చదివి వినిపిస్తుంది. మొన్న మా సోదరీమణులు వెళ్లినప్పుడు, మందుల లెక్కలో ముప్పై రూపాయలు తేడా ఉన్నదని ఖాలా గట్టిగా అడిగారు. చూస్తే ఆమె చెప్పినదే నిజం. మా వాళ్లు క్షమాపణ చెప్పి ముప్పై రూపాయలు ఇచ్చి వచ్చారు. మా బృందం ఇన్నేళ్లలో సాధించినదేమిటని ఎవరైనా అడిగితే, ఆమె అలా అడగగలగడమే అని చెబుతాము.

ఈ ప్రాంతంలోని మస్జిదు కమిటీలు, సేవా సంఘాలు అన్నింటికీ మా మనవి ఒక్కటే. వచ్చే ఒకటో తారీఖు లోపల మీ బృందంలో ఫిర్యాదు వినే ఆ ఇద్దరి పేర్లు నిర్ణయించండి. మన చేతికి వచ్చిన ప్రతి వేలిముద్రా ఒక అమానతు. దాన్ని భద్రంగా అప్పగించే శక్తిని, తప్పు జరిగినప్పుడు దాచకుండా ఒప్పుకొనే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.